మత్స్యవినోది భూలోకమల్లుడు

ఆంధ్రులకు కల్యాణ నగరం పేరు కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం చదివినవారికీ, చదువకపోయినా ఇంట పెద్దలవల్ల ఆ కథలు విన్నవారికీ బసవేశ్వరుడు, బిజ్జలుడు, కల్యాణ కటకం కన్నులకు కట్టినట్లు ఉంటాయి. అయితే బిజ్జలుడు ఆ సింహాసనం ఎక్కటానికి సుమారు ఇరవై ఏండ్ల ముందు దానిమీద కూర్చున్న ఒక చక్రవర్తిని మనం దాదాపు మరచిపోయాము. ఆయన చాళుక్య సోమేశ్వరుడు. ఆ పేరుగల రాజులలో మూడవవాడు. భూలోకమల్లుడని, సర్వజ్ఞ చక్రవర్తి అని బిరుదులు. రాజ్యాలు గెలిచి పేరు తెచ్చుకొన్నవాడు కాడు. గ్రంథం వ్రాసి పేరు నిలుపుకొన్నవాడు. ఆ గ్రంథంలో ఒక అధ్యాయం చేపలు పట్టే వినోదాన్ని గూర్చినది. ఈ ఉగాది సంచికలో ముచ్చటించదలచినది ఆ రాజును గూర్చీ, ఆ అధ్యాయాన్ని గూర్చీ. మనలో శాకాహారులు ముఖం చిట్లించవద్దని మనవి. ఇందులో వంట తక్కువ, నీటివైపు చూడటం ఎక్కువ.

ఈ వంశానికీ నీటికీ ఒక విచిత్రమైన సంబంధం ఉన్నది. మన సోమేశ్వరుని తాత ఆహవమల్లుడు, అనగా మొదటి సోమేశ్వరుడు, రాజధానిని కల్యాణానికి తెచ్చి దానికి వన్నె పెట్టినవాడు. నయంకాని జబ్బు పట్టుకొన్నప్పుడు ఆయన 1068లో కురువత్తివద్ద తుంగభద్రలోనికి నడచివెళ్ళి ప్రాణం విడిచాడు. తండ్రి ఆరవ విక్రమాదిత్యుడు 1076 నుండి 1126 వరకు, నిండా యాభై ఏండ్లు, ఏలినవాడు. తన పేర చాళుక్య విక్రమ శకం స్థాపించాడు. కాశ్మీరంనుండి బిల్హణకవి ఆయన కొలువుకే వచ్చాడు. హిందూ కుటుంబాల ఆస్తి పంపకాలలో మన న్యాయస్థానాలు ప్రమాణంగా పట్టుకొన్న మితాక్షరను విజ్ఞానేశ్వరుడు ఆ కల్యాణ నగరంలోనే వ్రాశాడు. అన్నదమ్ముల మధ్య పొలం గట్టు తగవు పడిన ప్రతి తెలుగు కుటుంబమూ తెలిసో తెలియకో ఆ కొలువుకు ఋణపడినదే.

అటువంటి తండ్రి వెనుక సింహాసనం ఎక్కటం సులభం కాదు. యాభై ఏండ్ల పరిపాలన చూసిన సామంతులు కొత్త రాజు చేతి పట్టు ఎంతో పరీక్షించక మానరు. 1126లో సోమేశ్వరుడు పట్టాభిషిక్తుడైనప్పుడు ఉత్తర తెలుగుదేశంలో అనుమకొండ కాకతీయులు ఆయన సామంతులు. గోదావరి ముఖాన వేంగి కూడా కొంతకాలంగా చాళుక్యుల చేతిలోనే ఉన్నది. తండ్రి సేనాని అనంతపాలుడు ఆ నాడు ఏలినాడు. ద్రాక్షారామం శాసనాలు చాళుక్య విక్రమ శకంతో కాలం లెక్కించిన రోజులవి. దక్షిణాన హొయ్సళ విష్ణువర్ధనుడు పేరుకు సామంతుడు, చేతలకు స్వతంత్రుడు. సోమేశ్వరుడు తానూ తండ్రివలె తన పేర ఒక శకం నడిపాడు, కాని రాజ్యం తండ్రినాటివలె నిలువలేదు. వేంగి మళ్ళీ చోళుల పక్షం అయిపోయినది. విష్ణువర్ధనుడు తన హద్దులు పెంచుకొంటూ పోయాడు.

ఈ కారణంగా కొందరు చరిత్రకారులు ఆయనను, పుస్తకాలమీది ఆసక్తితో రాజ్యం జారవిడిచినవాడని తేలికగా తీసివేస్తారు. నాకు ఆ తీర్పు సబబుగా తోచదు. కల్యాణంనుండి వేంగికి ఎంత దూరం! వెలనాటి ప్రభువులు ఎటు మొగ్గితే వేంగి అటు మొగ్గే కాలమది. గాలం కర్ర పక్కన పెట్టి కత్తి పట్టినంత మాత్రాన గోదావరి చేజిక్కి ఉండేదని అనుకోలేము.

ఆయన గ్రంథం పేరు మానసోల్లాసం. అభిలషితార్థ చింతామణి అని మరొక పేరు. సంస్కృతంలో ఐదు వింశతులు, వింశతికి ఇరవై అధ్యాయాల చొప్పున నూరు అధ్యాయాలు. అందులోని గ్రహగణితానికి ఆధారంగా పట్టుకొన్న సంవత్సరం శక 1051, అనగా 1129. కనుక రాజ్యానికి వచ్చిన మూడవ ఏటికే రచన సాగుతున్నదని చెప్పవచ్చును. రాజ్యం సంపాదించటం, నిలుపుకోవటం మొదటి రెండు భాగాలు. తరువాత ఉపభోగాలు, వినోదాలు, క్రీడలు. రత్నాలు, ఏనుగులు, చిత్రలేఖనం, సంగీతం, వైద్యం, కుక్కల జాతులు, మల్లయుద్ధాలు, వంటలు, ఆయన తాకని విషయం లేదు. మన గృహిణులకు ఒక్క ముక్క చెప్పాలి. మినపపిండితో చేసే ఇడ్డరిక, పప్పుపిండితో పోసే దోసక, వటకం ఆ పుస్తకంలో ఉన్నాయి. బెంగుళూరు హోటళ్ళలో ప్రొద్దున్నే మనం పిలిచే పేర్లకు తాతలవంటివి అవి.

నాల్గవదైన వినోద వింశతిలో మత్స్యవినోదం ఉన్నది. రాజులు వేట గూర్చి వ్రాయించటం కద్దు. పులిని కొట్టటంలో బిరుదులకు పనికివచ్చే పౌరుషం ఉన్నది. చెరువు గట్టున చప్పుడు చేయకుండా కూర్చోవటంలో ఏమి బిరుదు ఉన్నది? అయినా ఈయన ఆ పని గూర్చి ఒక శాస్త్రకారునికి ఉండవలసిన ఓపికతో వ్రాశాడు. సుమారు ముప్పైయైదు రకాల చేపలు పేరుపేరునా చెప్పాడు. సముద్రానివి ఏవి, నదులవి ఏవి అని ఒక విభాగం. పొలుసు ఉన్నవి, పొలుసు లేక తోలు మాత్రం ఉన్నవి అని మరొకటి. పెద్దవి, మధ్యమాలు, చిన్నవి అని ఇంకొకటి. ఆ పేర్లలో సొర ఉన్నది, శృంగసొర ఉన్నది. సంస్కృత శ్లోకం మధ్యలో మన కోస్తా బెస్తవాని నోటిమాట వినబడితే ఏ తెలుగువానికి సంతోషం కలుగదు! రోహితం ఉన్నది, అదే నేటి రోహు, మన గోదావరి జిల్లాలలో శీలావతి అని పిలిచేది. మిగిలిన పేర్లు ఏ చేపలవో తేల్చటం కష్టమే. భారత జంతుశాస్త్ర సర్వే అధిపతిగా ఉండిన సుందర్‌లాల్ హోరా అనే గొప్ప మత్స్యశాస్త్రజ్ఞుడు 1951లో ఈ అధ్యాయంపై ప్రత్యేకంగా వ్యాసం వ్రాసి, చాలా పేర్లు పోల్చి, రాజు పరిశీలనకు ఆశ్చర్యపడ్డాడు.

ఇక మేత. సోమేశ్వరుని పద్ధతికి ఆయువుపట్టు ఇక్కడ ఉన్నది. గాలం, దారం, కర్ర ఎట్లా ఉండాలో ఆయన చెప్పాడు. కాని అంతకన్న ముందు ఏ చేప ఏమి తింటుందో చెప్పాడు. కొన్నింటికి పిండి ముద్దలు, నువ్వుల పిండి. కొన్నింటికి మాంసం. అందరికీ ఒకే ఎర లేదు. ఎర మనకు ఇష్టమైనది కాదు, చేపకు ఇష్టమైనది. ఇది చెప్పటానికి సర్వజ్ఞుడు కావాలా అని ఎవరైనా అడుగవచ్చును. గోదావరి లంకలలో ఎర్రలు తవ్వుకొని గాలానికి గ్రుచ్చే కుర్రవానికి కూడా తెలిసినదే. నిజమే. ఆ కుర్రవాని విద్యను తక్కువచేసి చూడక శాస్త్రంలో కెక్కించటమే ఆయన గొప్ప. బెస్తవారినీ పల్లెవారినీ పిలిచి అడుగకుండా ఏ రాజూ ముప్పైయైదు రకాల తిండి తెలుసుకోలేడు.

గాలపు విద్యలో ప్రపంచం అప్పటికి ఎక్కడ ఉన్నదో చూస్తే ఈయన స్థానం తెలుస్తుంది. ఎరకు బదులు ఈకలతో, ఊలుతో ఈగవలె కట్టిన గాలాన్ని నీటిమీద వదలటం, ఇంగ్లీషువారు ఫ్లై ఫిషింగు అనేది, చాలా పాతది. సుమారు 200 ప్రాంతాన ఈలియన్ అనే రచయిత, మాసిడోనియాలో ఎర్రని ఊలు చుట్టి కోడి ఈకలు కట్టిన గాలంతో చేపలు పట్టేవారని వ్రాశాడు. ఆ తరువాత ఇంగ్లండులో గాలంపై మొదటి అచ్చు పుస్తకం 1496లో వచ్చినది. పన్నెండు రకాల ఈగలు కట్టే విధానం అందులో ఉన్నది. సోమేశ్వరుని గ్రంథం దానికి మూడున్నర శతాబ్దాలకు పైబడి ముందుది. ఆయన ఈకల ఈగను గూర్చి చెప్పలేదు, నిజమైన మేతనే చెప్పాడు. మనవాడు అన్నీ ముందే కనిపెట్టాడని చెప్పుకోవలసిన పని లేదు. ఉన్నదే చాలినంత ఉన్నది.

దక్షిణదేశపు చెరువులలో గాలం వేయటం గూర్చి ప్రత్యేకించి మరొక పుస్తకం రావటానికి 1887 వరకు ఆగవలసివచ్చినది. వ్రాసినవాడు హెన్రీ సలివన్ థామస్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన దొర, దక్షిణ కన్నడ జిల్లా కలెక్టరు. అంతకు ముందు 1873లో మంగుళూరులో భారతదేశపు నదులలో గాలం విద్యపై పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. నీటిలో విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలను టోకున చంపే పద్ధతులపై గట్టిగా పోరాడినవాడు. ఆ రెండూ నేరమని చెప్పే చట్టం 1897లో వచ్చినది. చక్రవర్తికీ కలెక్టరుకూ మధ్య ఏడున్నర శతాబ్దాలు. థామస్ చేతిలో మానసోల్లాసం పడే అవకాశం లేదు, అది అప్పటికి అచ్చులోనికి రాలేదు. అయినా చెరువు దగ్గర ఇద్దరికీ ఎదురైనది ఒకటే ప్రశ్న: ఈ నీటిలో ఈ వేళ చేప ఏమి తింటున్నది?

చెరువుకూ ఏటికీ భేదం ఏమిటంటే, ఏటిలో ప్రవాహం మేతను చేపవద్దకు తెస్తుంది. చేప ఒకచోట నిలిచి నోరు తెరుస్తుంది. చెరువులో నీరు కదలదు కనుక చేపే తిరగాలి. అందువల్ల చెరువులో ఈకల ఈగ వేసేవాడు ముందు కర్ర విప్పకూడదు. అరగంట గట్టున కూర్చుని నీటిని చూడాలి. చేప మూతి నీటిపైకి వచ్చి చిన్న బుడగ మిగిలితే, అది పైన తేలే పురుగును తింటున్నదని అర్థం. అప్పుడు తేలే ఈగ కట్టాలి. మూతి కనబడక వీపూ తోకా మాత్రం మెరిసి మునిగితే, తినేది నీటిపొరకు అడుగున వ్రేలాడుతూ రెక్కలు విప్పటానికి సిద్ధంగా ఉన్న పురుగును. తేలే ఈగ అక్కడ వృథా. జానెడు లోతున దిగే సన్నని నల్లని ఈగ కావాలి. అసలు ఏమీ కనబడకపోతే మేత అడుగున ఉన్నట్లు. తూనీగ పిల్లపురుగు వంటి ఆకారంతో, మునిగే దారంతో వెదకాలి.

ఆ వెదకటంలో ఒక చక్కని ఉపాయం ఉన్నది. దారం విసరి, ఈగ మునుగుతుండగా ఒకటి రెండు మూడు అని లెక్కించుకోవాలి. మొదటిసారి అయిదు లెక్కించి లాగాలి, తరువాత పది, తరువాత పదిహేను. ఏ అంకె దగ్గర చేప తగిలినదో ఆ అంకెనే పట్టుకొని ఉండాలి, చేప తిరుగుతున్న లోతు అదే. లోతు కుదిరిన తరువాత నడక. చెరువులో ఈగకు ప్రాణం పోసేది వ్రేళ్ళే. పురుగు మెల్లగా ఈదుతుంది కనుక దారాన్ని కొద్దికొద్దిగా వ్రేళ్ళమధ్య చుట్టుకొంటూ రావాలి. పసివానికి గాలిపటం నేర్పినవారికి ఆ చేతి మెలకువ త్వరగా పట్టుబడుతుంది. పరిమాణం ఆ తరువాత, రంగు అన్నిటికన్న చివర. కొత్తవారు దీనికి తలక్రిందులుగా పెట్టెనిండా రంగురంగుల ఈగలు కొని, లోతు మరచి, చేపలు లేవని ఇంటికి వస్తారు.

గాలి కూడా చూడాలి. గాలి పైనున్న పురుగులను ఎదుటి గట్టుకు త్రోసుకొని పోతుంది, చేపలు వాటివెంట పోతాయి. వీపుకు గాలి తగిలేచోట విసరటం హాయి. చేపలు మాత్రం ముఖానికి గాలి కొట్టే గట్టునే ఉంటాయి. అసలు ఈకల ఈగకు బరువు ఉండదు. ముందుకు పోయేది బరువైన దారం, కొరడా వలె. దాని కొసన సన్నని పారదర్శకమైన తీగ, దాని చివర ఈగ. దారం వంకరలు లేకుండా చాచి ఉంటేనే మెత్తని తాకుడు చేతికి తెలుస్తుంది.

మన చెరువు చేపలలో ఏది ఎక్కడ తింటుందో దాని నోరే చెబుతుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైపొరలో మేసే జాతి. ఎర్రమోసు నోరు క్రిందకు, అడుగు బురదలో మేస్తుంది. శీలావతి నడిమి నీటిది. ఇవి ఈకల ఈగకు లొంగటం అరుదు, పిండి ముద్దకే లొంగుతాయి. కనుక సోమేశ్వరుని మేత వీటికి ఈనాటికీ చెల్లుతుంది. కొరమీను సంగతి వేరు. గాలి పీల్చటానికి అది పైకి వస్తుంది, కప్పను చూస్తే దూకుతుంది. కప్పవలె కట్టిన ఎరకు కూడా పడుతుంది. కాని ఎర్రని పిల్లల గుంపును వెంట పెట్టుకొని కాపలా తిరిగే కొరమీనుపై ఎర విసరటం అన్యాయం. ఆ కోపంతోనే అది ఎరను కరుస్తుంది. అది పోతే గుంపంతా ఇతర చేపల పాలవుతుంది.

అసలైన ఈకల ఈగ చేప ట్రౌటు. దానికి చల్లని నీరు కావాలి. అందుచేత బెంగుళూరు చెరువులలో అది బ్రదుకదు. నీలగిరులలో దానిని పెంచాలని 1860లనుండి ప్రయత్నాలు జరిగి, మొదట విఫలమై, ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాల్లో అవలాంచి దగ్గర గ్రుడ్లు పొదిగించే కేంద్రంతో ఫలించాయి. సెలవులకు ఊటీ పోయే మన కుటుంబాలు బొటానికల్ తోట చూసి తిరిగి వస్తాయి. ఆ కొండ చెరువులలో ఈ చేప ఉన్నదని పిల్లలకు చెబితే మరునాడు మరొక ప్రశ్న తప్పక అడుగుతారు.

మన బెంగుళూరు సంగతి చెప్పకుండా చెరువులను గూర్చి వ్రాయటం కుదరదు. జీవనది లేని ఈ ఊరిని లోయలకు గట్లు కట్టిన చెరువులే పెంచాయి. ఉదయం హలసూరు చెరువు చుట్టూ నడిచేవారు మన సంఘంలో ఉన్నారు. 2016 మార్చిలో ఆ చెరువులో వేలకొలది చేపలు చచ్చి తేలాయి. మురుగు కలిసిన నీటిలో సూక్ష్మజీవులు ప్రాణవాయువును తినివేస్తాయి. వేసవిలో వెచ్చబడిన నీరు ఆ వాయువును అసలే తక్కువ నిలుపుకొంటుంది. రాత్రంతా నీటిమొక్కలు కూడా పీల్చుకొన్న తరువాత తెల్లవారేసరికి అది అడుగంటుతుంది. అప్పుడు చేపలు మూతులు పైకెత్తి వరుసగా నీటిపొరను ఆనుకొని నోళ్ళు తెరుస్తాయి. చూసేవారికి అది మేతవలె కనబడుతుంది. ఎంత చక్కగా తింటున్నాయో అని పాపం రొట్టెముక్కలు విసరుతారు. రొట్టె మిగిలితే కుళ్ళి ఆ కొరతను ఇంకా పెంచుతుంది. మేతకు వచ్చిన చేప ఒకసారి పైకి వచ్చి మునుగుతుంది. ఊపిరికి వచ్చిన చేప మునుగదు, పైననే ఉండి నోరు ఆడిస్తుంది. ఎర పెట్టినా ముట్టదు. ఈ భేదం గట్టున అరగంట కూర్చున్నవానికే తెలుస్తుంది. నడకకు పోయే మిత్రులు ఇట్టి దృశ్యం చూస్తే చెరువు చూసే అధికారులకు ఆ ఉదయమే తెలుపవలెనని నా కోరిక. సాయంత్రానికి తెలిపితే ప్రయోజనం ఉండదు.

తిరిగి సోమేశ్వరునివద్దకు వద్దాము. ఆయన పన్నెండేండ్లు ఏలి 1138లో గతించాడు. తండ్రి చరిత్రను గద్యంగా వ్రాయబూని పూర్తిచేయలేకపోయాడు. మానసోల్లాసం మాత్రం పూర్తయినది. తరువాత శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో పూర్వాచార్యుల వరుసలో ఈ రాజు పేరు చెప్పాడు. పెద్దకొడుకు జగదేకమల్లుడు, ఆ వెనుక చిన్నకొడుకు తైలపుడు రాజులైనారు. తైలపుని నాటికి సేనానులదే పైచేయి అయినది. కలచురి బిజ్జలుడు సింహాసనం ఆక్రమించాడు. 1163 నాటికి అనుమకొండలో కాకతి రుద్రదేవుడు స్వతంత్రత చాటాడు. మనకు బసవపురాణంలో కనబడే కల్యాణం అప్పటిది.

గ్రంథం తాళపత్రాలలో నిలిచినది. మొదటి భాగాన్ని బరోడావారు 1925లోను, అర్థశాస్త్రం వెలికితీసిన ఆర్. శామశాస్త్రిగారు మైసూరులో 1926లోను అచ్చువేశారు. బరోడా ప్రతి రెండవ సంపుటం 1939లో, మూడవది 1961లో వెలువడ్డాయి.

కల్యాణం నేడు బీదరు జిల్లాలో బసవకల్యాణ పట్టణం. హైదరాబాదునుండి షోలాపూరు పోయే పెద్ద రోడ్డులో హుమ్నాబాదు దాటిన తరువాత కొద్దిగా ప్రక్కకు తిరగాలి. కోట తరువాతి రాజులు మార్చి కట్టినది. చాళుక్యులనాటి శివాలయం ఒకటి దగ్గరి నారాయణపురంలో శిథిలమై ఉన్నది. ఊరి ప్రక్కన త్రిపురాంత చెరువు ఉన్నది. వేసవి సెలవులలో హైదరాబాదు బంధువుల ఇంటికి పోయేవారు ఒక పూట అటు వెళ్ళి ఆ గట్టున కూర్చుని రావచ్చును.